బద్ధకం కాదేమో, చూడండి

బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టిన రోజున మొగల్తూరులోనైనా, నర్సాపురంలోనైనా ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "మావాడికి బద్ధకం ఎక్కువండీ. పుస్తకం తీస్తే ఆవులింతలు. ఆటకి పిలిచినా అరుగు దిగడు." ఆడపిల్లయితే ఇంకో రకం. "ఎప్పుడు చూసినా నీరసమేనండీ, మంచం దిగదు. ఫోను చేతికిస్తే మాత్రం ఎక్కడలేని మెలకువ." టీచరుగారు తల ఊపుతారు. ఇంటికొచ్చాక పిల్లకి చీవాట్లు పడతాయి.

చీవాట్లకి ముందు ఒక చిన్న పని చెయ్యండి. పిల్లని పగటి వెలుతురులో గుమ్మం దగ్గర నిలబెట్టి, బొటనవేలితో కంటి కింది రెప్పని మెల్లగా లాగి లోపలి రంగు చూడండి. అక్కడ పొర పల్చన, దాని కిందే సన్నటి రక్తనాళాలు, అందుకని రక్తం రంగు దాపరికం లేకుండా కనబడుతుంది. ఎర్రగా ఉంటే సరే. తెల్లబారినట్టుంటే నాలుక, గోళ్ళు, అరచేతి గీతలు కూడా చూడండి. మీ అరచేతి పక్కన పెట్టి పోల్చుకోవచ్చు గానీ, అదీ పూర్తిగా నమ్మేది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తం తక్కువ. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 59 మందికి తక్కువే. అంటే పోల్చి చూసే అమ్మకీ రక్తం తక్కువై ఉండే అవకాశం సగానికి పైనే. అందుకే కంటితో చూసింది అనుమానానికే పనికొస్తుంది. నిజం తేలాలంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి మీద సూది గుచ్చి చేసే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఐదు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి 11.5 గ్రాములు, పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకి 12 గ్రాములు ఉండాలి. అంతకంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క.

రక్తం తక్కువైతే బద్ధకం ఎందుకొస్తుందో పిల్లకి కూడా చెప్పండి, తన తప్పు కాదని తెలుస్తుంది. మనం పీల్చిన ప్రాణవాయువుని ఒళ్ళంతా మోసేవి ఎర్ర రక్తకణాలు. ఒక్క ఘన మిల్లీమీటరు రక్తంలో దాదాపు యాభై లక్షలుంటాయి. వాటిలో ఉండే హిమోగ్లోబిన్‌కి ఇనుము కావాలి, ప్రాణవాయువు అతుక్కునేది ఆ ఇనుముకే. ఈ కణాలు ఎముకల్లోని మూలుగులో పుడతాయి, సుమారు 120 రోజులు బతుకుతాయి, పెద్దవాళ్ళ ఒంట్లో సెకనుకి ఇరవై లక్షల చొప్పున కొత్తవి తయారవుతూనే ఉంటాయి. చచ్చిన కణాల్లోని ఇనుముని ఒళ్ళు పారేసుకోదు, మళ్ళీ వాడుకుంటుంది. కానీ ఎదిగే పిల్లకి రక్తమే పెరగాలి కాబట్టి పాత ఇనుము చాలదు. పెద్దమనిషైన ఆడపిల్లకి నెలనెలా కొంత పోతుంది కూడా. ఇనుము చాలనప్పుడు మెదడుకీ కండకీ అందే ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. మేడ మెట్లెక్కితే పిల్ల గుండె దడ అంటోందంటే నాటకాలాడుతోందని అనకండి.

ఈ సంగతిలో మన పక్కూరి మనిషి ఒకాయన్ని తలుచుకోకుండా ఉండలేం. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు మీద ధ్యాస లేని పిల్లాడని ఆయనకీ పేరుంది. అరటిపళ్ళు అమ్ముకుని డబ్బు సంపాదిద్దామని కాశీకి బయల్దేరితే తల్లి వెంకమ్మగారు వెనక్కి తీసుకొచ్చారని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఆ రోజుల్లో స్ప్రూ అనే జబ్బుండేది. పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు, విరేచనాలతో మనిషి తోలుతిత్తిలా అయిపోతాడు, రక్తం తగ్గిపోతుంది. ఆ జబ్బుతో ఆయన సోదరులిద్దరు పోయారు. తరవాత ఆయన మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లే కంపెనీ పరిశోధనశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ రోగుల రక్తం మళ్ళీ పట్టడానికి పనికొచ్చిన మందు అదే. అంతకు పదిహేనేళ్ళ ముందు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, ఈస్టు సారం పెడితే వాళ్ళు కోలుకోవడం గమనించింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. అదీ ఈ ఫోలిక్ ఆమ్లమే.

దాని రెండో ముఖం ఇంకా ఆశ్చర్యం. కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి గదా, మరి దాన్ని అడ్డుకుంటే? అదుపు తప్పి పెరిగే కణాలకి మేత ఆగుతుంది. సుబ్బారావుగారి బృందం అలాంటి అడ్డు మందు చేసి ఇచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకి వాడి, 1948లో ఫలితం ప్రకటించాడు. పదహారు మందిలో పది మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. అప్పటిదాకా ఆ పిల్లలకి మందే లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. మీ అమ్మాయి బళ్ళో వారానికోసారి మింగే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. చేదుగా ఉందని కిటికీలోంచి విసిరేసే పిల్లకి ఈ భీమవరం కథ చెప్పి చూడండి. బెదిరింపు కంటే బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

ఆ మాత్రల గురించి నాలుగు మాటలు. ఐదు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి గులాబీ రంగు, పదేళ్ళు నిండితే నీలం. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. విరేచనం నల్లగా అయితే కంగారు పడక్కర్లేదు, అది మిగిలిన ఇనుమే. పాలతోగానీ టీతోగానీ మింగించకండి. ఇంకొక మాట, ఇది గట్టిగా చెప్పాలి: ఈ మాత్రలు ఇంట్లో ఉంటే పసిపిల్లలకి అందని చోట పెట్టండి. బిళ్ళలనుకుని గుప్పెడు మింగిన పసివాడికి ప్రాణం మీదికొస్తుంది.

తిండి సంగతి. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందనుకోవడం మన ఊళ్ళలో గట్టి నమ్మకం. దానిమ్మ మీదా అదే నమ్మకం. రెండూ మంచివే, కాని వాటిలో ఇనుము పెద్దగా లేదు, రంగుకీ ఇనుముకీ చుట్టరికం లేదు. తోటకూర, మునగాకు, రాగులు, నువ్వులు, ఉలవలు, మేక కార్జం, ఎండు నెత్తళ్ళు, ఇవీ అక్కరకొచ్చేవి. ఆకుల్లోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. దాంతో పాటు చేపో మాంసమో ఉంటే, లేదా నిమ్మకాయ పిండితే, ఎక్కువ పడుతుంది. అలా చూస్తే మన గోంగూర రొయ్యలు నోటికే కాదు, ఒంటికీ కుదిరిన జోడీ. శాకాహారులకి పప్పులో తోటకూర, చివర్న నిమ్మరసం, భోజనమయ్యాక జామకాయ. ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబొయ్యకండి, ఫోలిక్ ఆమ్లం సగం అందులోనే పోతుంది. అన్నం తిన్న వెంటనే టీ అలవాటు చెయ్యకండి, గంటో గంటన్నరో ఆగితే నయం. బళ్ళో డొక్కా సీతమ్మగారి పేరు మీద పెట్టే మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగి జావ ఇస్తున్నారు. కోడిగుడ్డు వద్దని చిప్సు పొట్లం పంపకండి.

మరి పాడికి కొదవలేని ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతుంది. రెండేళ్ళ పిల్లాడు అన్నం తినకపోతే గేదెపాలు గ్లాసుల మీద గ్లాసులు పట్టేస్తాం. పాలలో ఇనుము లేనట్టే. కడుపు నిండి అన్నం మానేస్తాడు, బొద్దుగా కనబడతాడు, రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంటుంది. ఏడాది నిండిన పిల్లాడికి రోజుకి అరలీటరు దాటనివ్వకండి. ఏడాదిలోపు తల్లిపాల బదులు గేదెపాలు అసలొద్దు.

రక్తం తగ్గడానికి కొంకి పురుగులు ఇంకో కారణం. తడి మట్టిలో చెప్పుల్లేకుండా తిరిగితే పాదాల్లోంచి ఒంట్లోకి దూరి, పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. చేలగట్లూ చెరువుగట్లూ ఉన్న ఊళ్ళో పిల్లల్ని కట్టేసి ఉంచలేం, చెప్పులు మాత్రం వేయించగలం. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ, బడుల్లో అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు. ఆ రోజున బడి ఎగ్గొట్టనివ్వకండి.

ఇవన్నీ చేసి, రెండు నెలలు మందు వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే ఇనుము గుమ్మరిస్తూ పోవద్దు. తలసీమియా ఉందేమో చూడమని డాక్టరుగారిని అడగండి, దానికి వేరే రక్తపరీక్ష ఉంది. తలసీమియా తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సంక్రమిస్తేనే బిడ్డకి పెద్ద జబ్బుగా వస్తుంది. మేనరికపు సంబంధాల్లో ఆ అవకాశం ఎక్కువ. ఎవరి పెళ్ళినీ తప్పుపట్టడానికి కాదు ఈ మాట, జరగబోయే పెళ్ళికి ముందు ఇద్దరికీ ఆ పరీక్ష చేయిస్తే సరిపోతుందని చెప్పడానికి.

ఇక రక్తం తిరిగే దారి. పదో తరగతికొచ్చేసరికి పిల్లలు గుండె బొమ్మ గీసి కర్ణికలు, జఠరికలు, బృహద్ధమని అని బాణాలేసి పేర్లు పెట్టేస్తారు. మార్కులొస్తాయి. తన ఒంట్లో అది ఎక్కడుందో అడిగితే ఎడమ చంక దగ్గర చూపిస్తారు. నిజానికి అది ఛాతీ మధ్యలో, కాస్త ఎడమకి ఒరిగి ఉంటుంది, పిల్ల గుండె పిల్ల పిడికిలంత. ఈ పాఠం చెప్పడానికి ట్యూషను అక్కర్లేదు, ఇల్లు చాలు.

మొదట మణికట్టు. బొటనవేలి మొదట్లో, కాస్త కిందుగా, రెండు వేళ్ళు ఆనించి నాడి పట్టుకోవడం నేర్పండి. బొటనవేలితో పట్టకూడదు, దానికీ నాడి ఉంది, లెక్క తప్పుతుంది. కూర్చున్నప్పుడు నిమిషానికెన్నో లెక్కపెట్టించండి. బడి పిల్లలకి డెబ్భై నుంచి నూటపది మధ్య ఉంటుంది, పెద్దలకి అరవై నుంచి నూరు. పెరట్లో నాలుగు చుట్లు పరిగెత్తించి మళ్ళీ చూడమనండి, ఎంతసేపటికి మామూలవుతుందో కూడా.

తరవాత తాతగారి చెయ్యి. వేలాడేసి ఉంచితే మణికట్టు వెనక సిరలు ఉబ్బుతాయి. ఒక వేలితో సిరని నొక్కి పట్టి, ఇంకో వేలితో రక్తాన్ని మోచేతి వైపు తోసెయ్యాలి. రెండో వేలు తీసేసినా రక్తం వెనక్కి రాదు, సిర చప్పగానే ఉంటుంది. మొదటి వేలు తీస్తే కింది నుంచి నిండుతుంది. లోపల ఒకవైపే తెరుచుకునే కవాటాలున్నాయన్నమాట. ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో అచ్చువేయించిన పుస్తకంలో ఈ ప్రయోగం బొమ్మతో సహా ఉంది. తాతగారికి విసుగు రాకపోతే మనవడికి ఇంతకంటే మంచి ప్రయోగశాల లేదు.

హార్వే తేల్చిన అసలు విషయం మన డెల్టా పిల్లలకి చప్పున అర్థమవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిన గోదావరి విజ్జేశ్వరం తలుపుల్లోంచి కాలువలోకి దిగి, నర్సాపురం కాలువగా, పిల్లకాలువలుగా, బోదెలుగా చీలి శివారు చేను దాకా వస్తుంది. మిగిలిన నీరు మురుగు కాలువలో పడి సముద్రానికి పోతుంది. గుండె నుంచి బయల్దేరే ధమనులు పంట కాలువలైతే, సిరలు మురుగు కాలువలు. ఇక్కడిదాకా పోలిక బాగానే ఉంది. కానీ రక్తానికి సముద్రం ఎక్కడ? గ్రీకు వైద్యుడు గేలెన్ మాట మీద పద్నాలుగు వందల ఏళ్ళు లోకం నమ్మింది కూడా ఇలాంటిదే: రక్తం కాలేయంలో తయారై, ఒళ్ళంతా పారి, చేలో నీరులా ఇంకిపోతుందని. హార్వే లెక్క కట్టాడు. ఆ లెక్క మీ పిల్లతో కట్టించండి. పెద్దవాళ్ళ గుండె ఒక్కో దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్లు తోస్తుంది. నిమిషానికి 70 దెబ్బలు. అంటే నిమిషానికి దాదాపు ఐదు లీటర్లు, గంటకి మూడు వందలు. ఒంట్లో ఉన్న మొత్తం రక్తమే ఐదు లీటర్లు. గంటకి మూడు వందల లీటర్ల కొత్త రక్తం ఎవరి కాలేయమూ చెయ్యలేదు. కాబట్టి వెళ్ళిందే తిరిగొస్తోంది. ధమనికీ సిరకీ మధ్య దారి మాత్రం హార్వే కంటికి ఆనలేదు. 1661లో మాల్పీగీ అనే శాస్త్రవేత్త దాన్ని కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శినితో చూశాడు, అవే రక్తకేశనాళికలు. మీ పిల్లకి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. వేలి గోరు నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రనవుతుంది. ఆ కేశనాళికలు ఖాళీ అయి నిండడమే అది. ఈ గోరు సంగతి గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

మాంసం తినే ఇళ్ళవాళ్ళు ఒక ఆదివారం మాంసం కొట్టులో మేక గుండెకాయని ముక్కలు కొట్టకుండా, పైన గొట్టాలు కొయ్యకుండా అడిగి తీసుకోండి. కడిగి, లావుపాటి గొట్టంలోకి నీళ్ళు పోస్తే కింద మూడు అర్ధచంద్రాల్లాంటి కవాటాలు మూసుకుని నీళ్ళు నిలబడతాయి. తరవాత పెద్దవాళ్ళే కత్తితో నిలువుగా కొయ్యాలి. నాలుగు గదులు, వాటి మధ్య పల్చటి కవాటాలు, వాటిని పట్టి ఉంచే తెల్లటి దారాలు కనబడతాయి. ఎడమ కింది గది గోడ కుడిదానికంటే చాలా మందం. ఎందుకో పిల్లనే చెప్పమనండి. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు, ఎడమది కాలి బొటనవేలి దాకా తోయాలి. పాఠం అయ్యాక వేపుడు ఎలాగూ ఉంటుంది.

ఆ పల్చటి కవాటాలు చూసిన పిల్లకీ తల్లికీ గొంతు నొప్పి విలువ తెలుస్తుంది. ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లల్లో ఒక రకం బాక్టీరియా వల్ల గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గిపోతాయి. సరిగ్గా మందు పడకపోతే కొందరిలో రెండు మూడు వారాల తరవాత కీళ్ళ నొప్పులు మొదలవుతాయి. ఇవాళ మోకాలు వాచితే రేపు చీలమండ. దాన్ని ఎదుగుదల నొప్పులని మందు రాసి ఊరుకుంటాం. అది కీళ్ళవాత జ్వరం కావచ్చు. కీళ్ళు బాగుపడతాయి, కవాటాలు మాత్రం మచ్చలు పడి బిగుసుకుపోవచ్చు. డాక్టరు గొంతు నొప్పికి మందు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వాడండి, జ్వరం తగ్గిందని మూడో రోజున ఆపకండి. ఒకసారి ఈ జ్వరం వచ్చిన పిల్లకి మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షను ఏళ్ళ తరబడి వెయ్యాల్సి ఉంటుంది. పండగలనీ పరీక్షలనీ అది తప్పించకూడదు.

పుట్టుకతో వచ్చే గుండె లోపాల సంగతి వేరు. పాలు తాగుతూ నుదుటి నిండా చెమట పట్టే పసిబిడ్డ, గుక్కగుక్కకీ ఆగి ఆయాసపడే బిడ్డ, బరువు పెరగని బిడ్డ, ఏడిస్తే పెదాలు నీలంగా మారే బిడ్డ, నాలుగడుగులు పరిగెత్తి గొంతుక్కూర్చునే పిల్లాడు, వీళ్ళని ఆలస్యం చెయ్యకుండా చూపించాలి. అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చే ప్రభుత్వ వైద్య బృందాలు పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా పరీక్షిస్తాయి. ఆపరేషను అవసరమైతే ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడిచే పథకం ఉంది. డాక్టరు గొట్టం పెట్టి "చిన్న చప్పుడు వినబడుతోంది" అనగానే మాత్రం బెంబేలు పడకండి. చాలామంది పిల్లల్లో లోపమేమీ లేకుండానే ఆ చప్పుడు ఉంటుంది, ఎకో తీస్తే తేలిపోతుంది.

వానాకాలం వస్తే ఊరంతా ఒకటే మాట, ప్లేట్‌లెట్లు. డెంగీ దోమ రొయ్యల చెరువుల్లో పెరగదు. పెరట్లో కొబ్బరి చిప్పల్లో, మూత లేని డ్రమ్ముల్లో నిలిచిన మంచినీళ్ళలో పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు ఇవ్వకండి. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలుండాల్సిన ప్లేట్‌లెట్లు తగ్గాయని రోజుకి రెండుసార్లు పరీక్ష చేయించి, బొప్పాయాకు రసం కోసం పరిగెత్తేవాళ్ళు అసలు ప్రమాదాన్ని చూడరు. డెంగీలో రక్తనాళాల గోడలు కారి, రక్తంలోని ద్రవం బయటికి పోవడం పెద్ద ముప్పు. అది తరచూ జ్వరం తగ్గాకే, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య వస్తుంది. జ్వరం తగ్గింది గదా అని మనం ఊపిరి పీల్చుకునే వేళ అది. కడుపు నొప్పి, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, చిగుళ్ళలో రక్తం, పిల్ల మత్తుగా పడి ఉండడం, చేతులూ కాళ్ళూ చల్లబడడం, ఇవీ చూడాల్సినవి. గోరు నొక్కి వదలండి. మూడు సెకన్లకి కూడా ఎర్రబడకపోతే రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి బయల్దేరండి.

చివరిగా రక్తదానం. మొగల్తూరులో 1955లో పుట్టిన చిరంజీవిగారు 1998లో హైదరాబాదులో పెట్టిన రక్తనిధి సంగతి పిల్లలకి చెప్పక్కర్లేదు, అభిమాన సంఘాల ఫ్లెక్సీలే చెబుతాయి. ఊళ్ళో శిబిరం పెట్టినప్పుడు మీరు రక్తం ఇస్తూ పిల్లల్ని పక్కన నిలబెట్టుకోండి. పద్దెనిమిదేళ్ళు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే ఇవ్వొచ్చు. తీసుకునేది 350 మిల్లీలీటర్లు. అందులోని ద్రవం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది, ఎర్రకణాలకి మాత్రం వారాలు పడుతుంది, ఇనుముకి ఇంకా ఎక్కువ. అందుకే మగవాళ్ళు మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగి గానీ మళ్ళీ ఇవ్వకూడదు.